గూడ్సు షెడ్డు దగ్గర గోనెసంచి వాసన

తొలకరి వాన పడి వెలిసిన సాయంత్రం విశాఖపట్నంలో జ్ఞానాపురం వైపు రైలు గోడ వెంబడి నడిస్తే ఇప్పటికీ ఆ వాసన తగులుతుంది. తడిసిన గోనె, తుప్పు, పుల్లబడ్డ బెల్లం, వీటన్నిటి వెనకాల తారు పట్టిన చెక్క ఘాటు. సరుకు బళ్లు ఆగే పాత గూడ్సు షెడ్డుకి తాళం పడి చాలా ఏళ్లయింది. పట్టాల మధ్య తుమ్మ మొక్కలు మొలిచాయి. పైకప్పు రేకులు సగం 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఎత్తుకుపోయింది, మిగతా సగం అలాగే వేలాడుతోంది. బస్తా అన్నది ఒక్కటి లేకపోయినా వాసన మాత్రం ఉంది. ప్లాట్‌ఫారం రాళ్ల సందుల్లో ఏళ్ల తరబడి ఇరుక్కున్న పొట్టూ, నారా, నూకా నీళ్లు తగలగానే నానుతాయి. అదీ కారణం.

ఇలాంటి పాత షెడ్ల నేలల్లో కొత్త పేటలు కట్టాలన్న మాట ఇప్పుడు చాలా ఊళ్లలో వినిపిస్తోంది. మంచిదే. ఊరి నడిబొడ్డున అంత చోటు ముళ్లకంపకి వదిలేయడం న్యాయం కాదు. అయితే ఆ నేల గురించి తెలియాల్సినవి చాలామటుకు అక్కడ బస్తాలు మోసినవాళ్లకే తెలుసు. వాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. అందుకే ఇదంతా రాయడం.

* * *

షెడ్డు రోజు తెల్లవారుజామున బఫర్ల చప్పుడుతో మొదలయ్యేది. షంటింగ్ ఇంజను వెనక నుంచి నెట్టగానే మొదటి వాగన్ ‘ఢక్’మనేది. ఆ ఢక్కు రెండోదానికి, మూడోదానికి పాకి, చిట్టచివర పట్టా అయిపోయే చోట డెడ్ ఎండ్ దిమ్మ దగ్గర ఆగేది. ప్లాట్‌ఫారం మీద గోనెలు కప్పుకుని పడుకున్న కలాసీలు కళ్లు తెరవకుండానే ఆ ఢక్కులు లెక్కపెట్టి ఇవాళ ఎన్ని వాగన్లు పెట్టారో చెప్పేసేవారు. జట్టు మేస్త్రి మాత్రం అప్పటికే లేచి గుమస్తా గది తలుపు తట్టేవాడు.

“బాబూ, బండెట్టీసినారు. గంట మొదలైపోనాది.”

ఆ గంటే షెడ్డుకి ప్రాణం. వాగన్లు పెట్టిన నిమిషం నుంచి ఖాళీ చేయడానికో నింపడానికో కొన్ని గంటలు ఉచితం. అవి దాటితే వాగన్‌కి గంటకింత చొప్పున డెమరేజి అనే రుసుము. సరుకు దించేశాక ప్లాట్‌ఫారం మీద గడువు దాటి ఉంచితే అది వేరే, వార్ఫేజి. కొత్తగా వచ్చిన వ్యాపారులు రెండూ ఒకటేననుకునేవారు. వాగన్ తొందరగా ఖాళీ చేశాం కదా అని నిశ్చింతగా ఇంటికి పోయి, సరుకు మీద వార్ఫేజి కట్టేవారు.

లూజ్ షంటింగ్ అని ఒక పద్ధతి ఉండేది. ఇంజను వాగన్‌ని తోసి తాను ఆగిపోతుంది. వాగన్ తనంతట తాను దొర్లుకుంటూ పోతుంది. పాయింట్స్‌మన్ దాని పక్కనే పరిగెత్తి, హ్యాండ్ బ్రేకు లీవరు మీద ఒళ్లంతా వేసి దాన్ని ఆపాలి. పట్టా తడిగా ఉన్న రోజు బ్రేకు పట్టదు. చక్రం కింద చెక్క దిమ్మ వేయాలి. దిమ్మ ఒక్క క్షణం ఆలస్యంగా పడితే బండి వెళ్లి చివరి దిమ్మని గుద్దుతుంది. పగిలే సరుకున్న వాగన్ల మీద ‘లూజ్ షంటింగ్ చేయరాదు’ అని అందుకే రాసేవారు. రెండడుగులు జరపాల్సిన వాగన్ కోసం ఇంజనుని పిలిచేవారు కాదు. చక్రానికీ పట్టాకీ మధ్య పించ్ బార్ అనే ఇనప గునపం దూర్చి ఒకడు పైకెత్తుతుంటే, ఎనిమిది మంది భుజాలు ఆనించి హైలెస్సా అనేవారు. ఇరవై టన్నుల బండి కదిలేది. ఎందుకు కదిలేదో తర్వాత చెబుతాను, కొత్తగా కట్టేవాళ్లకి ఆ సంగతితో చాలా పని ఉంది.

ఇంకొక చప్పుడు సుత్తిది. వాగన్లు తనిఖీ చేసే టి.ఎక్స్.ఆర్. మనిషి పొడుగు కాడ సుత్తితో ఒక్కో చక్రాన్నీ తట్టుకుంటూ వచ్చేవాడు. ఖణేలుమంటే చక్రం మంచిది. బొంగురుగా పలికితే పగులు, ఆ వాగన్‌కి మరమ్మతుకి పోవాలని ‘సిక్’ లేబులు తగిలించేవాడు. ఇరుసు చివర నూనెడబ్బా మీద చెయ్యి పెట్టి వేడి చూసేవాడు. పాత నాలుగు చక్రాల వాగన్లలో ఇరుసు తిరిగేది నూనెలో నానిన నూలు పీచు మీద. పీచు ఎండిందంటే ఇరుసు కాగి ఎర్రబడుతుంది. దాన్నే హాట్ యాక్సిల్ అనేవారు. రోలర్ బేరింగులు వచ్చాక ఆ డబ్బాలూ పోయాయి, ఆ పీచూ పోయింది. కానీ డబ్బాల నుంచి కారిన నూనె ఎక్కడికీ పోలేదు. అది కంకరలోనే ఉంది.

* * *

బియ్యం ఎక్కించే ముందు వాగన్ లోపలికి ఒకడిని పంపి తలుపులు మూసేవారు. చీకట్లో వాడు కప్పు వైపు, గోడల వైపు చూస్తాడు. సూదిమొనంత వెలుగు కనిపించిన చోటల్లా సుద్దతో గుండ్రం చుడతాడు. వెలుతురు దూరిన చోట వాన దూరుతుంది. ఆ చిల్లులు పూడ్చాకే బస్తా లోపలికెళ్లేది. ముందు రోజు ఎండుచేపలు వచ్చిన వాగన్ అయితే బియ్యానికి పనికిరాదు. ఉప్పు వచ్చిందయితే కడిగి ఆరబెట్టాలి, లేకపోతే నేల రేకు తినేస్తుంది.

లెక్క పెట్టడంలో మర్యాద ఉండేది. మొదటి బస్తాకి ‘ఒకటి’ అనరు, ‘లాభం’ అంటారు. ఆ తర్వాత రెండు, మూడు. ఏడు దగ్గరకొచ్చేసరికి ‘ఆరున్నొక్కటి’. ఏడుపు మాట సరుకు మీద పడకూడదని. కొత్త గుమస్తాలు మొదటి రోజు తడబడేవారు, రెండో రోజుకి వాళ్లూ లాభం అనే మొదలుపెట్టేవారు.

నాలుగు చక్రాల కప్పు వాగన్ సుమారు 22 టన్నులు మోసేది. అంటే క్వింటా బస్తాలు 220. పేర్చిన బస్తాల వరసని, అంటే నెట్టుని, తలుపుకి ఆనించకూడదు. మూరెడు ఖాళీ వదలాలి. వదలకపోతే రెండు నష్టాలు. తలుపు సందులోంచి వచ్చే వాన ముందు వరస బస్తాలని తడుపుతుంది. పైగా దారిలో కుదుపులకి నెట్టు ముందుకు వాలి తలుపుని నొక్కేస్తుంది, దిగే ఊళ్లో తలుపు తీసినవాడి మీద నాలుగైదు బస్తాలు పడతాయి. నెట్టు పేర్చడమే అసలు విద్య. అడుగు వరస అడ్డం, పై వరస నిలువు, చివరి వరసల మూతులు లోపలికి. మూతి బయటికి పెట్టిన బస్తా కుట్టు ఊడితే గింజ నేల పాలు.

బెల్లం దిమ్మలు వచ్చే రోజుల్లో షెడ్డంతా ఈగలు. ముసురు పట్టిందంటే బెల్లం చెమర్చేది. కింద గడ్డి మందంగా పరచకపోతే వాగన్ నేలకి అంటుకుపోయి, దించేటప్పుడు సగం గోనె అక్కడే ఉండిపోయేది. విజయనగరం, శ్రీకాకుళం వైపు గోగునార బేళ్లు వస్తే షెడ్డులో బీడీ బంద్. ఎండాకాలం నార బేలులో నిప్పురవ్వ పడితే పైకి పొగ కూడా రాకుండా లోపల్లోపలే రాజుకుంటుంది.

పక్క లైన్లలో ఇనప ఖనిజం బళ్లు వెళ్లేవి. బైలదిల్లా నుంచి కొత్తవలస మీదుగా ఓడరేవుకి. 1976లో ఔటర్ హార్బర్ తెరిచాక పెద్ద ఓడలు రావడం మొదలైంది. అసలు ఈ రేవు పుట్టిందే రైలు కోసం. బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్లు రాయపూర్ నుంచి విజయనగరానికి లైను వేసి, మధ్య పరగణాల మాంగనీసు సముద్రం దాటించడానికి ఇక్కడ రేవు కట్టారు. 1933లో తెరిచారు. పాతకాలం వాళ్లు చాలా ఏళ్లు ‘బి.ఎన్.ఆర్.’ అనే అనేవారు. స్టేషనుకి 1987లో విశాఖపట్నం అని పేరు మారినా వాళ్ల నోట వాల్తేరే.

* * *

షెడ్డు ఎందుకు మూతపడిందో చాలామంది లారీల మీదకి నెట్టేస్తారు. లారీలు ఒక కారణమే. అసలు కారణం పొడవు.

పాత షెడ్డు పదిహేను వాగన్లకి కట్టింది. ఆ కాలంలో ఒక వ్యాపారి ఒక వాగన్ బుక్ చేసుకునేవాడు. అంతకన్నా చిన్న సరుకు ఉంటే పదిమందిది కలిపి ఒక వాగన్‌లో పంపేవారు, దారిలో ట్రాన్‌షిప్‌మెంట్ షెడ్లలో దించి వేరే వాగన్లకి ఎక్కించేవారు. యార్డుల్లో వాగన్లు విడదీసి, కలిపి, మళ్లీ విడదీసి పంపాలి. ఒక్క బస్తా పక్క రాష్ట్రం చేరడానికి వారాలు పట్టేది. రైల్వే ఆ పద్ధతి మానుకుని, బండి మొత్తం ఒకే చోట నింపి ఒకే చోట దించే పద్ధతికి వెళ్లింది. ఎయిర్ బ్రేకు ఉన్న బి.సి.ఎన్. అనే పొడవాటి కప్పు వాగన్లు వచ్చాయి. ఒక్కోటి 15 మీటర్ల పైచిలుకు. 42 వాగన్లు కలిపిన బండి, అంటే ఒక రేక్, నిలబడాలంటే 650 మీటర్ల దాకా ప్లాట్‌ఫారం కావాలి. అందులో 2,600 టన్నుల దాకా బియ్యం. 50 కిలోల బస్తాల్లో 52 వేలు. పది టన్నుల లారీలకి 260 ట్రిప్పులు.

పాత షెడ్డులో అంత రేక్‌ని ముక్కలు ముక్కలు చేసి పెట్టాలి. ప్రతి ముక్కకీ ఇంజను రావాలి, ముక్కలు చేసినంతసేపూ పక్క లైన్లు ఆగాలి. పగటిపూట ఊళ్లోకి భారీ లారీలు రానివ్వరు. రాత్రి మోస్తే ఇరుగుపొరుగుకి నిద్ర ఉండదు, సిమెంటు దింపితే దుమ్ము. ఇంత ఇబ్బంది పడేకన్నా ఊరి బయట పొడవాటి చోటికి వెళ్లడం తేలిక. రద్దీ తగ్గి షెడ్డు చచ్చిపోలేదు, రద్దీ దాన్ని మించి పెరిగిపోయింది. ఈ తేడా తెలిసినవాడు, కొత్త పేట కట్టేటప్పుడు ఆ సరుకు ఇప్పుడు ఎటునుంచి ఊళ్లోకి వస్తోందో ముందు చూసుకుంటాడు. షెడ్డు పోయినంత మాత్రాన బియ్యం రావడం ఆగదు కదా.

* * *

ఇరవై టన్నుల వాగన్ భుజాలతో ఎందుకు కదిలేదంటే, ఆ నేల దాదాపు అద్దం. యార్డులో వాలు 400 మీటర్లకి ఒక మీటరు దాటకూడదు. వీలైతే 1,200 మీటర్లకి ఒక మీటరే ఉండాలి. అంతకన్నా వాలితే వదిలేసిన బండి తనంతట తాను దొర్లిపోతుంది, రోలర్ బేరింగు వాగన్ అయితే మరీను. అంత చదునుగా ఉన్నా యార్డులో నీళ్లు నిలిచేవి కావు. కారణం కంకర. పడిన వానని జల్లెడలా కిందకి వదిలి, మెల్లగా పక్క కాలవల్లోకి పంపేది.

కొత్త పేట కట్టేవాళ్లు మొదట చేసే పని ఆ కంకర ఎత్తేసి సిమెంటు పోయడం. అప్పుడు చదును ఉంటుంది, జల్లెడ ఉండదు. జ్ఞానాపురం వైపు అసలే పల్లం, పెద్ద వాన పడితే చావులమదుం రైలు వంతెన కింద ఏమవుతుందో ఊళ్లో అందరికీ తెలుసు. యార్డు తాగే నీళ్లు కూడా అటే పారాయంటే అక్కడి పేదల ఇళ్లలోకే వెళతాయి. కాబట్టి ముందు నీటి లెక్క, తర్వాతే ఇళ్ల లెక్క. కంకర తీసినచోట అంతే నీటిని పట్టే గుంటలో, తోటలో, నీరింకే బాటలో రావాలి. మురుగు కాలవకి కావలసిన వాలు నేల ఇవ్వదు, తవ్వి తెచ్చుకోవాలి. 300 మీటర్ల కాలవకి 300కి ఒకటి వాలు పెడితే చివర్న మీటరు లోతు ఎక్కువ పోవాలి. ఆ లోతులో సముద్రపు పోటు వెనక్కి తన్నకుండా చూసుకోవాలి.

కంకర కింద ఏముందన్నది ఇంకో కథ. ఆవిరి ఇంజన్ల కాలంలో పల్లం కనబడ్డ చోటల్లా బొగ్గు బూడిద పోసి చదును చేసేవారు. దాని కింద, రేవుకి దగ్గరగా వెళ్లే కొద్దీ, ఉప్పుటేటి బురద. విశాఖ రేవు చుట్టూ ఉన్న ఆ మెత్తటి సముద్రపు బంకమట్టి ఇంజనీర్లకి బాగా తెలిసినదే. బరువు పెడితే ఒక్కసారిగా కూలదు, ఏళ్ల తరబడి కుంగుతుంది. పాత షెడ్డు ప్లాట్‌ఫారం అంచు చూస్తే తెలుస్తుంది, బస్తాల నెట్లు ఎప్పుడూ వేసే చోట గోడ బయటికి వాలింది, నడవడానికి వదిలిన చోట నిటారుగా ఉంది. బోరు వేసి చూడకముందే ఆ గోడ చెబుతుంది. అలాంటి నేలలో చిన్న కట్టడానికైనా పైల్స్, అంటే గట్టి నేల తగిలేదాకా స్తంభాలు దింపాలి. లేదంటే నీరు పైకొచ్చే నిలువు డ్రెయిన్లు పెట్టి, మీద మట్టి గుట్ట పోసి, నెలల తరబడి కుంగనిచ్చి, అప్పుడు కట్టాలి. ఆ నెలలు మిగుల్చుకున్నామనుకున్నవాళ్లు గోడల పగుళ్లకి అంతకు పది రెట్లు ఖర్చు పెడతారు.

మట్టి పరీక్షకి గళ్లు గీసి సమానంగా బోర్లు వేస్తే చాలదు. ఇంజన్లు నిలిచి బూడిద రాల్చిన చోటు, డీజిలు పట్టిన చోటు, ‘సిక్’ వాగన్లకి మరమ్మతు చేసిన లైను, ఎరువులు దించిన మూల, ఈ నాలుగు చోట్లా దగ్గర దగ్గరగా వేయాలి. నూనె పట్టిన మట్టిని ఎత్తి వేరే పల్లంలో పోస్తే ఇక్కడి విషం అక్కడికి చేరుతుంది. దాన్ని విడిగా ఉంచి శుద్ధి చేయాలి.

* * *

తారు చెక్క గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. పాత లైన్ల స్లీపర్లు, అంటే పట్టాల కింద అడ్డంగా వేసే దుంగలు, చెక్కవి, చెదలు పట్టకుండా చాలావాటికి క్రియోసోట్ పట్టించేవారు. బొగ్గు తారు నుంచి తీసే నూనె అది. ఎండలో ఘాటు వాసన వచ్చేది దానికే. చెక్క చూడ్డానికి ఎంతో అందంగా ఉంటుంది, అందుకని పార్కుల్లో బెంచీలుగా, మొక్కల మడులకి అంచులుగా వేయాలని అందరికీ అనిపిస్తుంది. వేయకూడదు. చర్మానికి పడదు, క్యాన్సరు కారకాలుంటాయి, మట్టిలోకి దిగుతుంది. పొయ్యిలో పెడితే పొగ ఇంకా చెడ్డది. యార్డు పక్క బస్తీల్లో పాత స్లీపరు ముక్కలతో అన్నం వండుకున్న ఇళ్లున్నాయి, ఎవరూ వద్దని చెప్పలేదు. ఇప్పుడైనా తీసేటప్పుడు లెక్కపెట్టి, ఒక్క ముక్క బయటికి పోకుండా చూడాలి. ఇనప స్లీపర్లతో ఆ గొడవ లేదు. సి.ఎస్.టి.-9 అనే పోత ఇనప పలకలు, రెండు పలకల్ని కలిపే టై బారు, వాటిని కరిగించుకోవచ్చు. ఓ పాతిక ఉంచి బాట పక్క పాతుకున్నా ఇబ్బంది లేదు.

పైకప్పు ఆస్బెస్టాస్ రేకైతే సుత్తితో కొట్టి కింద పడేయకూడదు. నీళ్లు చల్లి, బోల్టు విప్పి, చెక్కుచెదరకుండా దించి, మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టాలి. మంగుళూరు పెంకైతే ఒక్కోటీ చేతుల మీద దించి దాచుకోవచ్చు.

పట్టాలు తీసేముందు తీగలు. సిగ్నల్ తీగ, టెలిఫోన్ తీగ, ఫైబరు, ఒకే కందకంలో ఉండవు. మెయిన్ లైను దగ్గరకొస్తే 25 కిలోవోల్టుల కరెంటు. మూసేసిన సైడింగు కింద కూడా బతికున్న తీగ ఉంటుంది. పక్కన నడుస్తున్న లైను సిగ్నల్ దానిమీదే ఆధారపడి ఉంటుంది. ఒక జేసీబీ పంటి గాటుకి వాల్తేరు వైపు బళ్లన్నీ ఆగిపోతాయి.

ఇంకొకటి, నేల రైల్వేదే. 2005 చట్ట సవరణతో ఏర్పడిన రైలు భూముల అభివృద్ధి సంస్థ ఇలాంటి నేలని లీజుకిస్తుంది. లీజు గడువెంతో చూసుకునే కట్టడం కడతారు. అందుకని వీధులూ కాలవలూ చెట్లూ ఎవరి చేతిలో ఉంటాయో మొదటి రోజే కాగితం మీద తేల్చాలి.

* * *

ఉంచదగ్గవి కొన్ని ఉన్నాయి. అన్నిటికన్నా ముందు ప్లాట్‌ఫారం. పట్టా మీద నుంచి 1,065 మిల్లీమీటర్లు, అంటే మూడున్నర అడుగులు. వాగన్ నేల దానికన్నా ఇంకో జానెడు ఎత్తు. ఆ జానెడు దాటించడానికి వేసే ఇనప పలక ఈడ్చి ఈడ్చి అంచు రాళ్లలో గాడి పడింది. మూడున్నర అడుగులంటే లారీ నడుమెత్తు, మనిషి వీపు మీదికి బస్తా జారే ఎత్తు. పట్టాల గుంట పూడ్చి నేలంతా సమం చేస్తే ఆ ఎత్తు మాయమవుతుంది. పూడ్చొద్దు. గుంటలో నీరింకే తోట పెట్టి, పైన సంత పెట్టండి. మదుం వైపు నుంచి జనం అడ్డంగా నడిచి రావడానికి దారి తీయండి. నిలువుగా ఎన్ని రోడ్లు వేసినా, ఆ గోడ అవతలి వాళ్లు ఇన్నేళ్లూ చుట్టు తిరిగి వెళ్తున్న బాధ తీరదు.

లండన్‌లో కింగ్స్ క్రాస్ గూడ్సు యార్డులో 1852 నాటి గోధుమల గోదాము కూల్చకుండా 2011లో కళాశాలకిచ్చారు. అంత దూరం దేనికి, మన బీచి రోడ్డులోనే పని అయిపోయిన కురుసుర జలాంతర్గామిని ఒడ్డుకి లాగి 2002లో జనానికి తెరిచారు. ఆ పని చేతనైన ఊరు ఒక ప్లాట్‌ఫారం ఉంచుకోలేదా?

బోరు బండి రాకముందే పాత జట్టు వాళ్లని తీసుకెళ్లి ఆ నేలంతా నడిపించాలి, వాళ్లు చెప్పింది పటం మీద గుర్తు పెట్టాలి. ఈమధ్య వాన వెలిశాక ఒక మేస్త్రి ఆ గోడ పక్కన నిలబడి, తుమ్మల మధ్య ఒక జాగా చూపించాడు. నడివేసవిలో కూడా అక్కడ గడ్డి ఎండదట. ఆవిరి ఇంజన్లకి నీళ్లు పట్టిన పైపు ఆ కిందే ఉందని, దాన్ని ఎవరూ తియ్యలేదని చెప్పాడు.

“అక్కడ మాత్రం పునాది తవ్వకండి బాబూ. మా తాతల నాటి నుంచి నీరు కారుతునే ఉన్నాది.”